ఆ నలభై నిమిషాలు మనవి కావా?

"మ్యాచ్‌ల ఉన్ననే అమ్మా, జర ఆగు!"

ఈ మాట వినని ఇల్లు ఇప్పుడు మా కాటారంలో తక్కువే. కాళేశ్వరం, మంథని, భూపాలపల్లి దారులు కలిసే చిన్న ఊరు మాది. బస్సు కోసం నిలబడ్డా, కొట్టు అరుగు మీద చేరినా మగపిల్లలు నలుగురైదుగురు తలలు వంచుకుని ఫోన్లలో యుద్ధాలు చేస్తూ కనిపిస్తారు. ఇంట్లో అన్నం చల్లారిపోతున్నా "మ్యాచ్ అయినంక" అంటారు. మనమూ గొణుక్కుంటూనే ఆగుతాం. అదే మాట ఆడపిల్ల అంటే? "మ్యాచ్ లేదు గీచ్ లేదు, లేచి నీళ్ళు తే" అంటాం. నా బాధంతా ఈ తేడా గురించే!

తెలియని వారి కోసం ఈ ఆటల గురించి రెండు ముక్కలు. 'డోటా 2', 'లీగ్ ఆఫ్ లెజెండ్స్' అనేవి కంప్యూటర్లో ఆడే జట్టు ఆటలు. అటు ఐదుగురు, ఇటు ఐదుగురు. ఒక్కొక్కరు ఒక వీరుణ్ణో, వీరవనితనో ఎంచుకుంటారు. రెండు స్థావరాల మధ్య మూడు దారులు, దారి పొడవునా కాపలా బురుజులు, నడుమ అడవి. శత్రువు స్థావరంలోని ప్రధాన కట్టడాన్ని ముందుగా కూల్చినవారిదే గెలుపు. ఫోన్లలో ఆడే 'బీజీఎంఐ' తీరు వేరు. సుమారు వందమంది ఒక చోట దిగుతారు, నలుగురేసి జట్లు కడతారు. చివరిదాకా మిగిలిన జట్టు గెలుస్తుంది.

కొత్తవాళ్ళు తడబడేదెక్కడంటే, ఎదుటివాణ్ణి చంపడమే ఆట అనుకుంటారు. డోటాలో పదిమందిని పడగొట్టి కూడా ఓడిపోవచ్చు. బురుజులు కూల్చాలి, మ్యాప్ మీద ఓ కన్ను ఉంచాలి, ఒంటరిగా ముందుకురకకూడదు, వెనక్కి తగ్గాల్సినప్పుడు తగ్గాలి. వందమందికి పైగా ఉన్న వీరుల్లో ముందు ఒక్కరినే పట్టుకుని నేర్చుకోవాలి. మనుషులతో తలపడే ముందు కంప్యూటర్ ఆడించే బొమ్మలతో సాధన చేయాలి. ఇవేమన్నా బ్రహ్మవిద్యలా? నాలుగు పొయ్యిల మీద నాలుగు వంటలు మాడకుండా దించే మనకి మ్యాప్ మీద కన్నేసి ఉంచడం ఓ లెక్కా?

అసలు చిక్కు వేళ్ళలో లేదు, వేళలో ఉంది. డోటాలో ఒక ఆట సుమారు నలభై నిమిషాలు సాగుతుంది. సీరియల్‌లాగా ఆపి తర్వాత చూసుకుందామంటే కుదరదు. మధ్యలో లేచిపోతే మిగతా నలుగురూ మునుగుతారు. మాటిమాటికీ లేచిపోయేవారికి ఆటే శిక్ష వేస్తుంది. మరి ఆడదాని చేతిలో ఎవరూ పిలవని నలభై నిమిషాలు ఏ ఇంట్లో ఉన్నాయో చెప్పండి! పాలు పొంగినా మనమే, గేటు చప్పుడైనా మనమే, కండువా కనపడకపోయినా మనమే. ఆడవాళ్ళ సమయమంటే ఎవరు పడితే వారు చెయ్యి పెట్టే పోపులడబ్బా అయిపోయింది.

రెండో చిక్కు గొంతు. జట్టు ఆటలో మైకులో మాట్లాడుకోవాలి. అవతల ఆడగొంతు వినపడగానే వెకిలి మాటలు మొదలవుతాయి. అందుకే నాకు తెలిసిన అమ్మాయిలు కొందరు మైకు ఆపేస్తారు, మగపేరు పెట్టుకుంటారు. నోరు కట్టేసుకుని జట్టులో ఎలా గెలుస్తారు? "నువ్వు సపోర్ట్ ఆడు" అని ఆ పిల్లలకి వెనక ఉండి అందరినీ కాచే పనే అప్పగిస్తారు. అది చిన్నపనేం కాదు, ఆ మనిషి లేకపోతే జట్టే లేదు. అయితే మన ఇష్టంతో ఎంచుకోవడం వేరు, అంటగట్టడం వేరు. ఇంట్లో చూస్తున్నది చాలదా?

"చదువులు పాడవవా?" అంటారు కొందరు. నిజమే, హద్దు ఉండాల్సిందే. 2023 మే నెలలో బీజీఎంఐ తిరిగి వచ్చినప్పుడు పద్దెనిమిదేళ్ళ లోపు వారికి రోజుకి మూడు గంటలే అని పరిమితి పెట్టారు. నన్నడిగితే అదీ ఎక్కువే! కానీ హద్దు కొడుక్కీ కూతురికీ ఒకటే కావాలి. కొడుక్కి గడియారం, కూతురికి తాళం ఏం న్యాయం?

"జూదం కాదా?" అని మరికొందరి అనుమానం. రెంటినీ కలపొద్దు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటికీ ఆ నిషేధం తెచ్చింది, ఈ-స్పోర్ట్స్‌ని మాత్రం వేరుగా గుర్తించింది. 2022లో బర్మింగ్‌హామ్‌లో జరిగిన కామన్వెల్త్ ఈ-స్పోర్ట్స్ పోటీల్లో మొయిన్ ఎజాజ్ నాయకత్వాన మన డోటా 2 జట్టు కాంస్యం తెచ్చింది. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఇలాంటి ఆటలకి పతకాలే ఇచ్చారు. కాబట్టి "పనికిమాలినవి" అని కొట్టిపారేయలేం. అయితే ఆటలో వేషాలకీ, ఆయుధాల రంగులకీ డబ్బు గుంజే అంగళ్ళుంటాయి. ఫోన్లో బ్యాంకు ఖాతా జతచేసే ముందు మాత్రం జాగ్రత్త!

ఇంతకీ ఏం చేద్దామంటారా? మగపిల్లలు ఈ ఆటలు పుస్తకాల్లో చదివి నేర్చుకోలేదు. అరుగు మీద పక్కవాడితో కలిసి, పదిసార్లు ఓడి, నవ్వుకుని నేర్చుకున్నారు. మన అమ్మాయిలకి లేనిది ఆ అరుగే. బతుకమ్మకి వాడంతా ఒక్కటయ్యే మనకి ఐదుగురు దొరకరా? అక్కాచెల్లెళ్ళు, వదినలు, కాలేజీ స్నేహితురాళ్ళు కలిస్తే జట్టు తయారు. తెలిసినవాళ్ళతో ఆడితే మైకు తెరవొచ్చు, ధైర్యంగా ఓడిపోవచ్చు. నలభై నిమిషాలు మరీ ఎక్కువనిపిస్తే ఫోన్లోనే ఐదుగురేసి ఆడే 'పోకెమాన్ యునైట్'తో మొదలుపెట్టండి, పది నిమిషాల్లో ఒక ఆట అయిపోతుంది.

తల్లులూ, మీరు ఆడకపోయినా ఫర్వాలేదు. కూతురు "మ్యాచ్‌ల ఉన్న" అన్నప్పుడు ఆ నీళ్ళచెంబు తెమ్మని కొడుకుని పిలవండి. ఆడపిల్ల సమయానికి కూడా విలువుందని ఇల్లు నేర్చుకోవడానికి ఇంతకంటే చిన్న పాఠం ఉండదు. ఏమంటారు?