పందిరి ముందా, చట్టము ముందా?

జంగారెడ్డిగూడెము వంటి మెట్టప్రాంతపు పట్టణములో స్వలింగ వివాహపు ప్రసక్తి వచ్చినప్పుడు పెద్దలు చిరునవ్వు నవ్వి, అది ఢిల్లీ న్యాయవాదుల వ్యవహారమని త్రోసివేయుదురు. సుప్రీంకోర్టు తీర్పునకు పేరిచ్చిన వ్యాజ్యమునకు తెలుగు గడ్డయే పుట్టినిల్లని వారిలో చాలమంది యెరుగరు. 2021 డిసెంబరులో హైదరాబాదులో ఇద్దరు యువకులు బంధుమిత్రుల సమక్షమున వివాహము చేసికొనిరి. చట్టము దానిని గుర్తింపనందున 2022లో సుప్రీంకోర్టు నాశ్రయించిరి. వారిలో నొకరి పేరనే అది ‘సుప్రియో’ కేసుగా ప్రసిద్ధి కెక్కినది.

వివాహము కొరకు పోరాడుట గోదావరి వాసులకు క్రొత్త కాదు. వితంతు పునర్వివాహ చట్టము 1856లోనే వచ్చెను. అయినను ఈ తీరమున అది పావు శతాబ్దము వట్టి కాగితముగనే పడియుండెను. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరములో వీరేశలింగము పంతులుగారు తొలి వితంతు వివాహమును జరిపించినప్పుడు గాని దానికి ప్రాణము రాలేదు. ఊరు వెలివేసినది. అయితే ఎంతటి విరోధియైనను ఆ వివాహము చెల్లదనుటకు గాని, ఆ దంపతుల బిడ్డలు వారసులు కారనుటకు గాని వీలు లేకపోయెను. చట్టము ముందు నడిచినది. పందిరి వెనుక వచ్చినది. హైదరాబాదు జంట విషయమున పందిరి ముందే వెలసినది. చట్టము జాడ లేదు.

2023 ఏప్రిల్ 18 మొదలు పది దినములు వాదములు సాగినవి. అక్టోబరు 17న తీర్పు వెలువడినది. వివాహమాడుట ప్రాథమిక హక్కు కాదని ఐదుగురు న్యాయమూర్తులును ఏకాభిప్రాయమునకు వచ్చిరి. ఇట్టి జంటల బంధమునకు చట్టపు గుర్తింపైన నుండవలెనని ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్, జస్టిస్ కౌల్ భావింపగా, తక్కిన మువ్వురు సమ్మతింపలేదు. ఆ మువ్వురిలో జస్టిస్ పమిడిఘంటం శ్రీనరసింహ తెలుగువారు. 2025 జనవరిలో పునఃపరిశీలన పిటిషన్లును త్రోసివేయబడినవి.

శాసనము చేయుట పార్లమెంటు పని యన్న మాటను తప్పుపట్టనక్కరలేదు. వివాహము పవిత్ర సంస్కారము గదా, దానిని మార్చుట యెట్లని అడుగువారికి మాత్రము ఒక సంగతి చెప్పవలసియున్నది. మతచట్టముల జోలికి పోమని న్యాయస్థానము విచారణారంభముననే స్పష్టము చేసినది. అడిగినది 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టములో చోటు. పురోహితుని మంత్రము కాదు, రిజిస్ట్రారు సంతకము.

ఆ సంతకము లేని లోటు ఎక్కడ తెలియును? 2024లో కేంద్ర ప్రభుత్వము కేబినెట్ కార్యదర్శి అధ్యక్షతన ఒక కమిటీని నియమించినది. రేషన్ కార్డు విషయమున ఇట్టి జంటను ఒకే కుటుంబముగ పరిగణింపవలెననియు, ఉమ్మడి బ్యాంకు ఖాతాకు అడ్డు లేదనియు ఆ యేడే తెలియజేసినది. మంచిదే. కాని ఇరువురిలో నొకరు వీలునామా వ్రాయక మరణించినచో, ఇరువది యేండ్లు కలిసి కాపురమున్న రెండవవారు హిందూ వారసత్వ చట్టము దృష్టిలో ఎవరును కారు. రేషన్ డీలరు వద్ద ఒకే కుటుంబము. తహసీల్దారు కచ్చేరిలో ఇద్దరు పరాయివారు! పంతులుగారి విగ్రహమునకు పూలమాల వేయువారికి ఈ వింత కంటబడకపోవుట మరియొక వింత.

ఇది నగరముల సమస్య యనుటయు సరికాదు. నగరములో ప్రక్కింటివా రెవరో తెలియదు. చిన్న పట్టణములో అట్లు కాదు. ప్రత్యేక వివాహ చట్టము క్రింద ముప్పది దినముల నోటీసును కార్యాలయమున అందరికిని కనబడునట్లు అతికింతురు. కులాంతర వివాహము చేసికొను స్త్రీపురుషులకే అది గండము. ఉదయము గోడకెక్కిన పేర్లు సాయంత్రమునకు బస్టాండు దాటి ఊళ్ళోని తండ్రుల చెవి చేరును. రేపు ఆ చట్టము స్వలింగ జంటలకు వర్తించినను, జంగారెడ్డిగూడెపు బిడ్డలు ముందుగా ఆ గోడను దాటవలెను. పార్లమెంటు ఈ విషయమును చేపట్టిననాడు ఆ నోటీసును గూర్చియు ఆలోచింపక తప్పదు.

ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2024 డిసెంబరులో ఇద్దరు యువతుల విషయమున, వారు మేజర్లు గనుక కలిసి జీవించు స్వేచ్ఛ వారికి గలదనియు, కన్నవారు అడ్డుపడరాదనియు తేల్చినది. గడప దాటుటకు ఆ తీర్పు చాలును. అట్టి జంటలో నొకరు ఆసుపత్రి పాలై, శస్త్రచికిత్సకు సంతకము పెట్టబోయిన రెండవవారిని “ఈమెకు మీరేమగుదురు?” అని అడిగినచో, చెప్పుకొనుటకు ఇంకను ఒక మాట లేదు.