జాబితాలో లేని పేరు

ఊరి సెంటర్లో జెండా దిమ్మె కట్టినప్పుడు సిమెంటు బస్తాలు మోసిన మనిషి ఏ ఊళ్లోనైనా ఒకరుంటారు. పార్టీ గ్రామ కమిటీలో ఆయన అధ్యక్షుడో, కార్యదర్శో అయ్యుంటారు. పోలింగు రోజు తెల్లారకముందే వచ్చి బల్ల వేసుకుని ఓటరు స్లిప్పులు సర్దుకునేది ఆయనే. నడవలేని ముసలివాళ్లను ఆటో ఎక్కించి తెచ్చేదీ ఆయనే. ఒకరోజు సాయంత్రం కాలువ గట్టు మీద టీ కొట్టు దగ్గర ఎవరో ఫోను చూపించి అడుగుతారు. "ఏమండీ, కొత్త కమిటీ వేసేశారంట, మీ పేరు కనబడట్లేదేంటండీ?" అప్పటిదాకా ఆయనకా సంగతే తెలియదు. జాబితాను ఒకటికి రెండుసార్లు చూసుకుని, "ఆయ్, కుర్రాళ్లకి ఇచ్చుంటార్లెండి" అని సర్దిచెప్పుకుని ఇంటిదారి పడతారు.

పదవి పోయినందుకు ఆయన బాధపడరు. దానికి జీతం లేదు, భత్యం లేదు, చేతి చమురు వదలడమే తప్ప. తనను ఎవరు తీశారు, ఎందుకు తీశారు, ఏ రోజు ఏ సమావేశంలో అనుకున్నారు అన్నది చెప్పేవారు లేకపోవడమే ఆయన బాధ. వేసేటప్పుడు కండువా కప్పి, దండ వేసి, ఫొటో తీయించారు. తీసేటప్పుడు కబురైనా చేయలేదు. మన పార్టీల స్థానిక కమిటీల గురించి ఆలోచించినప్పుడల్లా మనసు ఈ ఒక్క చోటే ఆగిపోతుంది.

ఈ మాట పి.గన్నవరం నుంచి మొదలుపెట్టడానికి కారణముంది. నియోజకవర్గాల పునర్విభజనతో ఏర్పడిన ఈ ఎస్సీ రిజర్వుడు స్థానంలో తొలి ఎన్నిక 2009లో జరిగింది. అప్పుడు కాంగ్రెస్ తరఫున పాముల రాజేశ్వరీదేవి గెలిచారు. 2014లో తెలుగుదేశం నుంచి పులపర్తి నారాయణమూర్తి, 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి కొండేటి చిట్టిబాబు, 2024లో జనసేన నుంచి గిడ్డి సత్యనారాయణ గెలిచారు. నాలుగు ఎన్నికలకు నాలుగు పార్టీలు, నలుగురు మనుషులు. ఓటరు తన హక్కును ఇంత చక్కగా వాడుకున్న చోటు కోనసీమలో ఇంకొకటి చెప్పడం కష్టం. కానీ పార్టీల వైపు నుంచి చూస్తే ప్రతి అయిదేళ్లకూ ఇన్‌చార్జి మారతారు, ఇన్‌చార్జితోపాటు మండల కమిటీ మారుతుంది, మండల కమిటీతోపాటు గ్రామ కమిటీలూ కదిలిపోతాయి. 2024లోనైతే ఫిబ్రవరిలో తెలుగుదేశం ప్రకటించిన తొలి జాబితాలో ఈ స్థానానికి అభ్యర్థి పేరు ఉంది. తర్వాత పొత్తులో సీటు జనసేనకు వెళ్లింది. ఒక గుర్తు కోసం గడప గడపకూ తిరగడానికి సిద్ధమైన గ్రామ కమిటీలు మరో గుర్తు పట్టుకుని తిరిగాయి. తిరిగాయి గనకే కూటమి గెలిచింది. పై వాళ్లు నిర్ణయించిన దాన్ని ఊళ్లో మోసేది వీళ్లేనన్నది అప్పుడు తేటతెల్లమైంది.

నియమాలు లేవా అంటే, ఉన్నాయి. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 29ఏ సెక్షన్ కింద పార్టీలు ఎన్నికల సంఘం దగ్గర నమోదు కావాలి. నమోదుకు వచ్చే పార్టీ తన నియమావళిలో సంస్థాగత ఎన్నికల సంగతి, పదవుల గడువు రాసి ఇవ్వాలి. అయిదేళ్లకు మించకుండా ఎన్నికలు జరపాలని, నామినేట్ అయ్యేవారు మూడో వంతుకు మించకూడదని సంఘం మార్గదర్శకాలు చెబుతున్నాయి. అయితే రాసిచ్చిన మాట తప్పితే? అంతమాత్రాన పార్టీ రిజిస్ట్రేషన్ రద్దు చేసే అధికారం ఎన్నికల సంఘానికి లేదని 2002లో సుప్రీంకోర్టు తేల్చింది. పార్టీల్లో అంతర్గత ప్రజాస్వామ్యాన్ని చట్టంలోనే పెట్టాలని మన తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి నాయకత్వంలోని లా కమిషన్ 1999లోనే సిఫార్సు చేసింది. పాతికేళ్లు దాటినా అది చట్టం కాలేదు.

నియమం తప్పడం పైస్థాయిలో జరిగితే కనీసం ఒక ఉత్తరమైనా వస్తుంది. 2022 జులైలో వైఎస్సార్ కాంగ్రెస్ ప్లీనరీ తన అధినేతను శాశ్వత అధ్యక్షుడిగా ఎన్నుకుందన్న వార్తపై, అలాంటి శాశ్వత పదవి ప్రజాస్వామ్య స్వభావానికే విరుద్ధమని ఎన్నికల సంఘం అదే ఏడాది సెప్టెంబరులో స్పష్టం చేసింది. ఊడిమూడిలోనో, ముంగండలోనో ఒక గ్రామ కమిటీని రాత్రికి రాత్రి మార్చేస్తే ఎవరు రాస్తారు ఉత్తరం?

ఎన్నిక ఒక్కటే అన్నిటికీ మందు అని మేమనడం లేదు. 1992 ఏప్రిల్‌లో తిరుపతిలో జరిగిన కాంగ్రెస్ ప్లీనరీ గుర్తుందా? దాదాపు రెండు దశాబ్దాల తర్వాత వర్కింగ్ కమిటీకి ఓటింగు పెట్టారు. పెట్టించింది అప్పటి ప్రధాని, పార్టీ అధ్యక్షుడు పి.వి. నరసింహారావు. ఫలితాలు వచ్చాక చూస్తే గెలిచిన వారిలో ఒక్క మహిళ లేదు, ఎస్సీ లేరు, ఎస్టీ లేరు. ఆ కారణం చెప్పి పి.వి. గెలిచిన వారందరి చేతా రాజీనామా చేయించారు. వారిలో అర్జున్ సింగ్, శరద్ పవార్ మళ్లీ కమిటీలోకి వచ్చారు గానీ, ఎన్నికైన వారిగా కాదు, నామినేట్ అయినవారిగా వచ్చారు. గెలిచిన ప్రత్యర్థుల బలం తగ్గించడానికే అలా చేశారన్నవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. అయినా ఆయన ఎత్తిచూపిన లోటు అబద్ధం కాదు. ఓట్లు వేసిన చేతులు అణగారిన వారిని, ఆడవారిని మరిచిపోయాయి. ఆ లోటు తీర్చే నియమం ఓటింగుకు ముందే రాసుకుని ఉంటే, ఓటింగు తర్వాత ఎన్నికను చెరిపేయాల్సిన అవసరం వచ్చేది కాదు. ఆ పని కాంగ్రెస్ 2023 ఫిబ్రవరిలో రాయ్‌పూర్‌లో చేసింది. సగం పదవులు ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, మహిళ, యువతకు అని నియమావళిలో రాసుకుంది. అదే రాయ్‌పూర్‌లో, వర్కింగ్ కమిటీకి ఎన్నిక వద్దు, సభ్యులను అధ్యక్షుడే నియమించాలని కూడా తీర్మానించింది. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకున్నట్టయింది.

తిరుపతి ముచ్చట పి.గన్నవరానికి దగ్గరగా తగులుతుంది. ఇక్కడ ఎమ్మెల్యే ఎస్సీ అయి తీరాలని రాజ్యాంగమే చెప్పింది. ఆ ఎమ్మెల్యే చుట్టూ ఉండే మండల కమిటీలో ఎవరెవరుండాలో ఏ చట్టమూ చెప్పలేదు. సీటు ఒకరిది, సీటు చుట్టూ ఉన్న పట్టు ఇంకొకరిది అయినప్పుడు రిజర్వేషన్ సగమే పనిచేస్తుంది. ఏ పార్టీ మండల కమిటీ జాబితా చేతికొచ్చినా ఈ కంటితో ఒకసారి చదివి చూడండి.

ఉభయ కమ్యూనిస్టు పార్టీల పద్ధతిలో నేర్చుకోదగింది ఒకటుంది. శాఖ నుంచి మొదలుపెట్టి మండలం, జిల్లా, రాష్ట్రం అంటూ మహాసభలు కింది నుంచి పైకి సాగుతాయి. సీపీఎం నియమావళి ప్రకారం దిగిపోయే కమిటీయే కొత్త ప్యానెల్ ప్రతిపాదిస్తుంది. ప్రతినిధి ఎవరైనా లేచి మరో పేరు చెప్పవచ్చు, పోటీ వస్తే రహస్య ఓటింగు. ఆచరణలో పోటీ అరుదు. అయినా దిగిపోయేవాడు సభలోనే కూర్చుని ఉంటాడు, తన ముందే తన చోటు నిండుతుంది. ఆ మర్యాద చిన్నదేం కాదు. తెలుగుదేశంలోనూ మహానాడుకు ముందు కింది నుంచి పైకి సంస్థాగత ఎన్నికల ఆనవాయితీ ఉంది, బీజేపీలో బూతు నుంచి రాష్ట్రం దాకా వరుస ఉంది. అన్ని చోట్లా చివరికి వినిపించే మాట మాత్రం "ఏకగ్రీవం". పది మంది మాట్లాడుకుని వచ్చిన ఏకగ్రీవమైతే దాన్ని మించింది లేదు. పరిశీలకుడి జేబులోంచి వచ్చిన కాగితాన్ని కూడా ఆ పేరుతోనే పిలుస్తున్నారు.

నిజానికి పదవిలో ఉన్నవారిని పద్ధతిగా దించే నియమాలు మన రైతుకు కొత్త కాదు. పి.గన్నవరం దగ్గర వైనతేయ మీద 1850లలో కట్టిన నలభై తొమ్మిది ఖానాల పాత అక్విడక్టు ఇంకా నిలిచే ఉంది. దాని పక్కన 2000లో కొత్తది వచ్చింది, దానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టుకున్నాం. ఆ వంతెన మీదుగా నదిని దాటి వెళ్లే నీటిని చూసుకునే సాగునీటి సంఘాలకు 1997లో చట్టం వచ్చింది. సంఘం అధ్యక్షుడు నచ్చకపోతే తీసేసే దారి అందులోనే ఉంది. పదవి చేపట్టి ఏడాది గడవాలి. ఓటు హక్కున్న సభ్యుల్లో మూడో వంతు మంది సంతకాలు పెట్టి నోటీసు ఇవ్వాలి. అందుకోసమే ప్రత్యేకంగా సర్వసభ్య సమావేశం పెట్టాలి. అక్కడ ఓటింగులో నెగ్గితేనే ఆయన దిగాలి. కాలువ నీటి దగ్గర మనం ఇంత జాగ్రత్త పడ్డాం. డ్వాక్రా అక్కచెల్లెళ్లను అడగండి, లీడరును మార్చాలంటే తీర్మానాల పుస్తకంలో రాసి, అందరూ సంతకాలు చేసి బ్యాంకుకు ఇస్తే తప్ప కొత్త లీడరు సంతకం చెల్లదని చెబుతారు. ఆ ఇంట్లోనే ఉండే మగవాడి పార్టీ కమిటీకి పుస్తకమే ఉండదు.

ఆ పుస్తకం ఒకటి పెట్టడం పెద్ద ఖర్చు కాదు. కమిటీ ఎప్పుడు ఏర్పడింది, గడువు ఎన్నాళ్లు, ఎవరు ప్రతిపాదించారు అన్నది మొదటి పేజీలో ఉండాలి. ఎవరైనా చనిపోతేనో, ఉద్యోగానికని గల్ఫుకు వెళ్లిపోతేనో ఆ ఖాళీని ఎన్నుకున్నవారే నింపాలి. గడువు మధ్యలో ఒకరిని తీసేయాలంటే కారణం కాగితం మీద పెట్టి, ఆయన చెప్పేది నలుగురూ కూర్చుని విన్నాకే తీయాలి. ఇది మనిషిని పదవి పట్టుకు వేలాడనివ్వడం కోసం అడుగుతున్నది కాదు. కొత్త కుర్రాళ్లు రావాలి, ఆడవాళ్లు రావాలి, దళితవాడ నుంచి రావాలి. వాళ్లు నిలబడాలన్నా ఈ నియమమే కావాలి. ఈ రోజు నోటిమాటతో పాతవారిని దించినవారు రేపు అదే నోటిమాటతో కొత్తవారినీ దించుతారు.

వరదొచ్చి లంక గ్రామాలకు దారి తెగినప్పుడు పడవ ఎక్కడుందో, ఎవరింట్లో బాలింత ఉందో, పాలప్యాకెట్లు ఏ గట్టుకు చేరాయో తెలిసింది ఊళ్లో ఉన్న ఇలాంటి మనుషులకే. అలాంటి మనిషి ఒకరు అలిగి ఇంట్లో కూర్చుంటే పార్టీకొచ్చే నష్టం పార్టీ చూసుకుంటుంది, ఊరికొచ్చే నష్టం మాటేమిటి?

2021లో ఏర్పడిన పంచాయతీ పాలకవర్గాల గడువు అయిదేళ్లు. ఊళ్లలో మళ్లీ పంచాయతీ ఎన్నిక అనగానే అన్ని పార్టీలూ గ్రామ కమిటీలను కదుపుతాయి. కదపండి, అది మీ హక్కు. జాబితా ఫోన్లలోకి పంపే ముందు రోజు సాయంత్రం మాత్రం మండల అధ్యక్షుడు స్వయంగా ఆ పాత మనిషి ఇంటికి వెళ్లి, అరుగు మీద కూర్చుని, సంగతి చెప్పి రావాలి.