అత్తమ్మ బేరం మాన్పించొద్దు

బీడీఎల్ పుణ్యమా అని మా భానూర్‌లో నాలుగు భాషలు వినబడతాయి. బడి మొహం చూడని మా అత్తమ్మ కూరగాయలవాళ్లతో ఉర్దూలోనే బేరమాడుతుంది. ఈమధ్య ధర సరిగా వినబడక తికమక పడుతోంది. "నీకెందుకు, కూర్చో" అని సంచి లాక్కున్నాను.

తప్పే చేశాను. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రకటించింది. ఒకే భాష వచ్చినవాళ్లకంటే రెండు, ఆపైన మాట్లాడేవాళ్లకి జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందట. చదువురానివాళ్లలోనూ తేడా కనిపించింది! అలాగని భాషలొస్తే జబ్బే రాదని కాదు. 2024 లాన్సెట్ నివేదిక ముప్పు పెంచేవాటిలో వినికిడి లోపాన్నీ, గాలి కాలుష్యాన్నీ చెప్పింది. పటాన్‌చెరు పక్కనున్న మనకి రెండోది ఒక్క ఇంటివాళ్లు తీర్చుకునేదా? చెవి మాత్రం చూపించొచ్చు.

సంచి తిరిగిచ్చేశాను. చెవి పరీక్ష శనివారం.