ఉంది... కానీ దొరకదు!

తాతయ్య పదేపదే చెప్పే పాత నవల కోసం పుస్తకాల షాపులన్నీ గాలించారా? ఓసారి నెట్‌లోనూ చూడండి. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం, దాని లైబ్రరీ కలిసి నడిపిన 'మిలియన్ బుక్ ప్రాజెక్టు'లో 2007 నాటికే 15 లక్షల పుస్తకాలు స్కాన్ చేశారు. సారథుల్లో ఒకరు అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి. తెలుగు పుస్తకాలే దాదాపు 50 వేలు!

సంబరపడి వెతికితే మాత్రం చాలాసార్లు నిరాశే. స్కాన్ అంటే పేజీకి ఫొటో. అందులో ఏముందో కంప్యూటర్‌కి తెలీదు. ఒత్తులూ గుణింతాలూ నిండిన పాత అచ్చును దానితో చదివించడమూ తేలిక కాదు. ఇక ఆధారం, స్కానింగప్పుడు ఎవరో టైపు చేసిన పేరే. అదీ ఇంగ్లిష్ అక్షరాల్లో! 'చరిత్ర'లోని 'త్ర'కి ఒకరు 'టి' కొడితే, ఇంకొకరు పక్కన 'హెచ్' కూడా చేర్చారు. ఒక్క అక్షరం తేడా వచ్చిందా... పుస్తకం ఉన్నా లేనట్టే. మామూలు లైబ్రరీలో వేరే అరలో పెట్టేసిన పుస్తకమైనా ఏదో ఓరోజు కంటపడుతుంది. ఇక్కడ ఆ అదృష్టమూ లేదు. స్కానింగ్‌కి పడ్డ శ్రమలో కొంతైనా పేర్లు సరిచూడటానికి పడాల్సింది.

ఈ పుస్తకాలను మనదేశంలో అందించిన 'డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా' పాత సైటు మూతపడింది. చాలా పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. రెండుమూడు స్పెల్లింగులతో వెతకండి. అప్పటికీ రాకపోతే రచయిత ఇంటిపేరు కొట్టి చూడండి.