జ్వరం అడిగినవాళ్లను ఎవరడిగారు?

2021 మే. లాక్‌డౌన్ సడలింపు పొద్దున ఆరు నుంచి పది దాకానే. ఆ ఎండల్లో తిరుమలగిరి లాంటి ఊళ్లలో ఆశా కార్యకర్తలు గడపగడపకూ తిరిగి జ్వరం ఉందా, దగ్గు ఉందా అని అడిగారు, మందుల కిట్లు ఇచ్చారు. ఇంటికొస్తే సొంత పిల్లల్ని దగ్గరకు తీసుకోవాలన్నా భయమే. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారిని పురస్కారంతో గౌరవించింది. సంతోషం. పురస్కారంతో నిద్ర పట్టదుగా!

మహమ్మారి వేళ పనిచేసేవారికి మాస్కుతో పాటు వారానికో సెలవు, వేళకింత అన్నం, కంటినిండా నిద్ర కావాల్సిందే. మన ఇళ్లలోనూ నర్సులు, పోలీసులు, బ్యాంకు ఉద్యోగులు ఉన్నారు. గుమ్మంలోనే ‘ఇయ్యాల ఎన్ని కేసులు?’ అనకండి, ‘తిన్నవా?’ అనండి. రెండు వారాలైనా నిద్ర కుదరకపోతే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయించండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.