క్యాల్షియం బిళ్లకు ముందు ఒక రక్తపరీక్ష

మోకాళ్లు లాగుతున్నాయన్నా, నడుము పట్టేసిందన్నా మందుల షాపులో ముందు చేతికొచ్చేది క్యాల్షియం బిళ్లల అట్ట. దానికి తోడు వారానికొకటి చొప్పున 60,000 యూనిట్ల విటమిన్ డి. ఎన్ని వారాలు వాడాలో అడగకుండానే నెలల తరబడి మింగేవాళ్లున్నారు. అసలు రక్తంలో క్యాల్షియం ఎంతుందో మాత్రం చూసుకోరు. ఈ అలవాటు మారాలి.

పెద్దవాళ్ల ఒంట్లో సుమారు కిలో క్యాల్షియం ఉంటుంది. నూటికి 99 పాళ్లు ఎముకల్లో, పళ్లలోనే. రక్తంలో తిరిగేది డెసీలీటరుకు దాదాపు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాములే. గుండె కొట్టుకోవాలన్నా, కండరం బిగియాలన్నా ఆ కాస్తే ఆధారం. అది తగ్గకుండా కాపలా కాసేవి మెడలో థైరాయిడ్ వెనక బియ్యపు గింజంత ఉండే పారాథైరాయిడ్ గ్రంథులు. చాలామందికి నాలుగుంటాయి. క్యాల్షియం రవ్వంత తగ్గినా సెకన్లలో పసిగట్టి హార్మోన్ వదులుతాయి. అది ఎముకల్లోని నిల్వను కొంత కరిగిస్తుంది, మూత్రంలో పోయేదాన్ని కిడ్నీల దగ్గరే ఆపుతుంది. విటమిన్ డి పనిచేసే రూపంలోకి మారేది కూడా ఆ కిడ్నీల్లోనే, ఈ హార్మోన్ చెప్తేనే. తిండిలోని క్యాల్షియాన్ని పేగుల నుంచి రక్తంలోకి చేర్చేది ఆ విటమిన్.

ఈ గ్రంథుల విలువ థైరాయిడ్ ఆపరేషన్ అయిన ఒకటి రెండు రోజుల్లో కొందరికి తెలిసొస్తుంది. ఆపరేషన్‌లో వాటికి దెబ్బ తగిలితే పెదాల చుట్టూ తిమ్మిరి, వేళ్ల కొసల్లో చీమలు పాకినట్టు జివజివ మొదలవుతాయి. డాక్టరు బీపీ పట్టీ చేతికి బిగించి మూడు నిమిషాలు ఉంచితే, రోగి ప్రమేయం లేకుండానే మణికట్టు వంగుతుంది, వేళ్లు దగ్గరకు చేరతాయి, బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుంటుంది. నరంలోకి నెమ్మదిగా క్యాల్షియం ఎక్కిస్తే చెయ్యి మళ్లీ విచ్చుకుంటుంది.

గ్రంథుల్లో ఒకటి గడ్డగా పెరిగి హార్మోన్‌ను ఆపకుండా వదలడం దీనికి తలకిందులు. అమెరికాలో చార్లెస్ మార్టెల్ అనే నౌకా కెప్టెన్‌కు జరిగింది అదే. ఎముకలు విరిగాయి, కిడ్నీల్లో రాళ్లు చేరాయి, ఆరడుగుల మనిషి ఏడంగుళాలు కుంగిపోయాడు. రక్తంలో మాత్రం క్యాల్షియం బాగా ఎక్కువ. 1926 నుంచి మెడలో ఎంత వెతికినా గడ్డ దొరకలేదు. ఛాతీలో చూడమని ఆయనే పట్టుబట్టాడు. 1932లో, ఏడో ఆపరేషన్‌లో, అది అక్కడే దొరికింది. ఆరు వారాల తర్వాత, కిడ్నీ రాయి వల్ల వచ్చిన చిక్కులతో ఆయన చనిపోయాడు.

ఇప్పుడు అంత వెతుకులాట అక్కర్లేదు. క్యాల్షియం, పారాథైరాయిడ్ హార్మోన్ రెండూ ఎక్కువగా ఉంటే అనుమానం గ్రంథి మీదికి పోతుంది. స్కాన్లలో గడ్డ చాలావరకు దొరికిపోతుంది, తీసేస్తే ఎముక మళ్లీ కూడుకుంటుంది. అయినా మన దేశంలో ఈ జబ్బు చాలామందిలో ఎముకలు గుల్లబారాకే బయటపడుతోంది. కిడ్నీ రాళ్లు తీయించుకుని ఇంటికెళ్లడం, మళ్లీ రాళ్లతో రావడం, ఆ మధ్యలో ఒళ్లు నొప్పులకని క్యాల్షియం బిళ్లలు మింగడం. రిపోర్టులో క్యాల్షియం 11.5 అని కనిపిస్తే ఎముకలు గట్టిగా ఉన్నాయని సంతోషించేవాళ్లూ ఉంటారు. అది ఎముక నుంచి కరిగి వచ్చిన క్యాల్షియం కావచ్చు. హార్మోన్ తక్కువగా ఉండి క్యాల్షియం మాత్రమే ఎక్కువుంటే, మోతాదు మించిన విటమిన్ డి కూడా కారణం కావచ్చు.

బిళ్లలు మానేయమని కాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దలకు రోజుకు 1000 మిల్లీగ్రాముల క్యాల్షియం కావాలంటోంది. రాగులు, పాలు, పెరుగు, మునగాకు దండిగా తినేవాళ్లకు తప్ప అది అందడం కష్టమే. గర్భిణులు తమకిచ్చే బిళ్లలు వేసుకోవాల్సిందే. నెలసరి ఆగాక ఈస్ట్రోజెన్ తగ్గి ఆడవాళ్ల ఎముక త్వరగా అరుగుతుంది. అప్పుడు రక్తపరీక్ష మామూలుగానే ఉండొచ్చు కాబట్టి ఎముక సాంద్రత విడిగా చూడాలి.

రక్తంలో క్యాల్షియం చూడటం పెద్ద ఖర్చుతో పనికాదు. కిడ్నీ రాళ్లు తీసిన ప్రతి ఆస్పత్రీ డిశ్చార్జి కాగితం మీద ఆ అంకె రాసివ్వాలి. చిన్న దెబ్బకే ఎముక విరిగి వచ్చినవాళ్లకూ, నెలల తరబడి విటమిన్ డి వాడుతున్నవాళ్లకూ పీహెచ్‌సీలోనే ఈ పరీక్ష చేయాలి. అంకె ఎక్కువగా ఉంటే కొత్త బిళ్లల అట్ట ఇవ్వకుండా, ఎండోక్రైనాలజిస్టు దగ్గరికి చీటీ రాసి పంపాలి.