కంప్యూటర్ గది తాళం ఎవరి దగ్గరుంది?

మన వాడ పిల్లోడు బీటెక్ మొదటి సంవత్సరంలో మొదటిసారి కీబోర్డు మీద వేలు పెడతాడు. పక్క బెంచీ పిల్లోడు ఏడో తరగతి నుంచే ఇంట్లో ప్రోగ్రాములు రాస్తున్నాడు. నాలుగేళ్లకి కంపెనీవాడొచ్చి ఇద్దరికీ ఒకే పరీక్ష పెట్టి, వీడికి మెరిట్ లేదంటాడు. రిజర్వేషన్ల మీద ఏడ్చేవాళ్లు ఈ ఐదారేళ్ల తేడాని ఏనాడూ లెక్కలోకి తీసుకోరు. మేం తీసుకుంటాం. పంతుళ్లం, లెక్క సరిచూడటం మా పని.

ఒకప్పటి ఎంసెట్, ఇప్పటి ఈఏపీసెట్ చూడండి. లెక్కలు 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40, మొత్తం 160 ప్రశ్నలు. ప్రోగ్రామింగ్ ఒక్కటీ లేదు. కాబట్టి ఇంటర్‌లో దాని ఊసే ఉండదు. సీటొస్తే చాలనుకుని మోసపోయాం.

కంప్యూటర్ కొనలేనోడికి ఈ చదువెందుకంటారు. పచ్చి అబద్ధం. బడి పిల్లలకి ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్ అని దేశమంతటికీ ఒక పోటీ ఉంది. అందులో తొలిమెట్టు జెడ్ఐఓ, కాగితం మీద పెన్నుతో రాసే పరీక్షగానే నడుస్తూ వచ్చింది. ప్రోగ్రాం రాయడం రాకపోయినా కూర్చోవచ్చు. మన హాస్టళ్లలో ఈ పేరు ఎవరన్నా చెప్పారా? మొన్నటిదాకా మాకే తెలీదు, సిగ్గుపడి ఒప్పుకుంటున్నాం.

మేం నల్లబల్లతో మొదలెట్టాం. 1 నుంచి 1000 లోపు ఒక సంఖ్య అనుకున్నాం, అవును కాదు అని మాత్రమే చెప్తాం, పట్టుకోండి అన్నాం. ఒకడు ఒకటా, రెండా అంటూ పోయాడు. సెలవు రోజు నాట్లకెళ్లొచ్చిన తొమ్మిదో తరగతి పిల్ల "అయిదొందల కంటే ఎక్కువా సార్?" అంది. సగం, అందులో సగం, మళ్లీ సగం. పదో ప్రశ్నకి దొరికిపోయింది! దీన్నే బైనరీ సెర్చ్ అంటారని తర్వాత చెప్పాం.

కాగితం మీద వచ్చింది మిషన్ మీద రాయాలి. కోడ్‌ఫోర్సెస్ 2010 నుంచి పోటీ లెక్కలు ఉచితంగా ఇస్తోంది, కానీ ఇంగ్లీషులో. లెక్క రాక కాదు, ప్రశ్న అర్థంగాక మనోళ్లు అక్కడ ఆగిపోతున్నారు. హైదరాబాదులో ఉద్యోగాలు చేస్తున్న అన్నలారా, అక్కలారా! ఏప్రిల్ 14న దండేసి ఫొటో దిగి పోవద్దు. వారానికొక పూట ఫోన్లోనైనా ఆ ప్రశ్నల్ని తెలుగులో విడమర్చి చెప్పండి.

ఇక కంప్యూటర్లున్న బళ్ల సంగతి. ఒకచోట గుడ్డ కప్పి గదికి తాళం వేశారు. చెవి అడిగితే, పిల్లలు పాడుచేస్తారట! నీళ్లు మైలపడతాయన్న పాత మాటకీ దీనికీ తేడా ఏముంది? 1927లో మహద్ చెరువులో దిగి బాబాసాహెబ్ ఆ నీళ్లు తాగాడు. ఆ గదీ మనదే. సాయంత్రం 6 నుంచి 8 దాకా తెరవాలని హెడ్‌మాస్టరుకి అర్జీ రాయండి. తల్లుల సంతకాలు ముందు పెట్టించండి. నకలు మండల విద్యాధికారికిచ్చి రశీదు తీసుకోండి. రశీదు లేకుండా మాత్రం తిరిగి రావద్దు.